బొమ్మ దాచగానే తెలుగు విరిగిపోతోందని ఎంతమందికి చెప్పాలి?

గౌరవనీయులైన దక్షిణ భారత విభాగాధిపతి గారికి,

విషయం: చిత్రాలను ఫైలుగా దాచేటప్పుడు వస్తున్న లోపం, దానిపై మీ సహాయ విభాగం చూపిన నిర్లక్ష్యం.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. సాంకేతిక లెక్కలు చేసి పటాలు గీసే మీ సాఫ్ట్‌వేర్‌ను మా కళాశాలకు అమ్మడానికి వచ్చిన ప్రతినిధి మా విభాగంలో కూర్చుని చక్కని తెలుగులో మాట్లాడారు. ఏ అవసరం వచ్చినా మేమున్నామని తెలుగులోనే మాట ఇచ్చారు. తీరా అవసరం వచ్చి ఇంగ్లిషులో ఉత్తరాలు రాస్తే, ముందే తయారు చేసి పెట్టుకున్న జవాబులు తప్ప మరేమీ రాలేదు. మీ హైదరాబాద్ కార్యాలయంలో తెలుగు చదవగలిగినవారు ఉన్నారు. వారిలో ఒక్కరైనా దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఇంతవరకు నేను రాసినదాన్ని ఎవరూ పూర్తిగా చదవలేదన్నదే నా మొదటి ఫిర్యాదు.

నేను అనంతపురం ప్రాంతంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో జలవనరుల పాఠాలు చెబుతాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అడుగున గట్టి గ్రానైటు, నైసు రాళ్లు. నీరు ఉంటే ఆ రాతి పగుళ్లలోనే ఉండాలి. బోరు ఎక్కడ వేయాలి, ఎంత లోతుకు వేయాలి అన్న నిర్ణయం తప్పితే రైతు అప్పుల్లో మునిగిపోతాడు. అందుకే మా విద్యార్థులు వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి ఊళ్లు తిరిగి బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలుస్తారు. ఆ కొలతలతో మీ సాఫ్ట్‌వేర్‌లో కాంటూరు పటాలు, అంటే నీటిమట్టం ఒకేలా ఉన్న చోట్లను గీతలతో కలిపే పటాలు గీస్తాం. వాటిని పెద్ద గోడపత్రాలుగా అచ్చు వేయించి ఊళ్లలో నలుగురూ చూసేచోట అంటిస్తాం. ఆ పటాల మీద మాటలు తెలుగులో ఉండి తీరాలి, ఎందుకంటే వాటిని చదవాల్సింది రైతులు.

లోపాన్ని రెండు మాటల్లో చెబుతాను. తెర మీద పటం సరిగ్గా కనిపిస్తుంది. దాన్ని పీడీఎఫ్‌గా దాచి తెరిస్తే ఒత్తులన్నీ చెదిరిపోతాయి. ‘భూగర్భ’, ‘వర్షపాతం’, ‘మీటర్లు’ వంటి మాటల్లో అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్కకు వచ్చి నిండు అక్షరంగా నిలుచుంటుంది, ముందున్న అక్షరం నెత్తిన పొల్లు మిగిలిపోతుంది. పైగా నీటిమట్టం అంచనాలో ఉన్న అనిశ్చితిని చూపడానికి పలచని నీలిరంగు పట్టీ ఒకటి వేస్తే చాలు, పటం మొత్తం గీతల రూపం వదిలేసి చుక్కల బొమ్మగా మారిపోతుంది. పెద్దది చేస్తే మసక. మీ సాఫ్ట్‌వేర్‌లో వంద మంచి గుణాలున్నాయి, నేను కాదనను. ఈ లోపం కూడా సరిదిద్దగలిగినదే. నన్ను ఇంతగా గాయపరిచింది ఆ తర్వాత జరిగిన తతంగం.

మొదట మీ వెబ్‌సైటులోని చాట్‌బాట్ పలకరించింది. సమస్య అంతా వివరంగా రాస్తే ‘చిత్రాన్ని దాచడం ఎలా’ అనే ప్రాథమిక పాఠానికి లింకు ఇచ్చింది. ఆ పాఠం నేను మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతాను. మనిషితో మాట్లాడాలని మళ్లీ మళ్లీ కోరాక ఫిర్యాదు నమోదైనట్టు ఒక టికెట్ సంఖ్య ఇచ్చారు.

ఆ టికెట్ అందుకున్న మొదటి ఉద్యోగి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చమన్నారు. తెర మీద బొమ్మ బాగానే ఉందనీ, దాచిన ఫైలులోనే చెడుతోందనీ నా ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. తెర మీద సరిగ్గా ఉన్నదానికి డ్రైవర్‌తో పని ఏమిటి? అయినా వాదించకుండా మా ల్యాబ్ సహాయకుడు సాయంత్రం ఆగి మరీ కంప్యూటర్లన్నింటికీ డ్రైవర్లు మార్చాడు. ఫలితంలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సంగతి రాస్తే జవాబు మరో ఉద్యోగి నుంచి వచ్చింది. వెర్షన్ ఏది, విండోస్ ఏది, సమస్య ఏమిటి అని ఆయన మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఆ వివరాలన్నీ అదే టికెట్‌లో, ఆయన రాసిన జవాబు కిందనే ఉన్నాయి. అన్నీ మళ్లీ రాసి, ఎవరు నడిపినా అదే లోపం కనిపించేలా కొద్ది వరుసల కోడ్ జతచేశాను. ఆ కోడ్‌ను నడిపి చూసి ఉంటే అరనిమిషంలో విషయం తేలేది. ఆయన దాన్ని నడపలేదు. పీడీఎఫ్‌ను వేరే ప్రోగ్రాంలో తెరిచి చూడమని సలహా ఇచ్చారు. రెండు మూడు ప్రోగ్రాంలలో తెరిచి, అన్నింటిలోనూ ఒకేలా విరిగి ఉన్న పటాలను పంపాను. మౌనం. ఆ తర్వాత మూడో ఉద్యోగి, మళ్లీ అవే ప్రశ్నలు. ఆసుపత్రిలో ప్రతి గదిలోనూ రోగాన్ని మొదటి నుంచి చెప్పుకుంటూ, మందు చీటీ మాత్రం ఏ గదిలోనూ దొరకని రోగిలా ఉంది నా పరిస్థితి.

ఈ మూడో ఉద్యోగి సలహాను ప్రత్యేకంగా ప్రస్తావించాలి. తెర మీద బాగానే ఉంది కదా, స్క్రీన్‌షాట్ తీసి వాడుకోండి అన్నారు. సాంకేతిక గణనల సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ ఉద్యోగి ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడికి ఇచ్చిన సలహా ఇది. మా తెర అడ్డంగా 1920 చుక్కలు. మా గోడపత్రం వెడల్పు మూడు అడుగులు, అంటే 36 అంగుళాలు. భాగిస్తే అంగుళానికి 53 చుక్కలు వస్తాయి. అచ్చులో ఫోటోకే 300 కావాలి. గీతలతో ఉన్న బొమ్మలకు పరిశోధన పత్రికలు 600, కొన్ని 1000 కూడా అడుగుతాయి. ఈ లెక్క రాసి పంపితే జేపెగ్‌లో నాణ్యతను 100కు పెంచి దాచమన్నారు. జేపెగ్ ఫోటోల కోసం పుట్టిన పద్ధతి. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల గళ్లుగా విడగొట్టి, సూక్ష్మమైన వివరాలను తగ్గించి పరిమాణం కుదిస్తుంది. సన్నని గీతలు, అక్షరాల అంచుల చుట్టూ మరకలు పడేది అందుకే. నాణ్యత ఎంత పెంచినా అది చుక్కల బొమ్మే, గీతల బొమ్మ కాదు. ఈ తేడా మా పిల్లలకు ఒక పరీక్ష ప్రశ్న. ఇదంతా కూడా ఓపికగా రాశాను.

ఆ తర్వాత ఈపీఎస్ అనే మరో రకం ఫైలులో దాచమన్నారు. ఈపీఎస్‌కు ఆధారమైన పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో పారదర్శకమైన, అంటే వెనకున్నది కనిపించేంత పలచని రంగులకు చోటే లేదు. పీడీఎఫ్‌లోకి ఆ సదుపాయం 2001లో, 1.4 వెర్షన్‌తో వచ్చింది. పలచని నీలిరంగు పట్టీ వల్లే పటం చెడుతోందని చెప్పినవాడిని, ఆ రంగును అసలు దాచలేని ఫైలు వైపు పంపారు. నేను రాసింది చదివినవారు ఈ సలహా ఇవ్వగలరా?

చివరికి పై అధికారికి అప్పగించామన్నారు. ఎంతో ఎదురుచూశాక రెండు వాక్యాల జవాబు వచ్చింది. భారతీయ భాషల్లో పేర్లు రాయడం మా మద్దతు జాబితాలో లేదు, ఇది ఆశించిన ప్రవర్తనే, ఇంగ్లిషు వాడండి. అంతే. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. మా రైతు ఇంగ్లిషు నేర్చుకుని వచ్చి నీటిమట్టం పటం చదవాలా? కోట్లమంది మాట్లాడే భాషలో ఒత్తు కింద ఉండాలా పక్కన ఉండాలా అన్నది మీకు పట్టని విషయమైతే, ఆ మాట అమ్మే రోజునే మా ముందు ఎందుకు చెప్పలేదు?

ఇది తీరని సమస్య కూడా కాదు. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే చోటు దక్కింది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం లోపల ఆరు సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒక్క రూపంగా కూర్చడం అక్షరాలను చూపే ప్రోగ్రాం పని. నాకు అర్థమైనంతలో, తెర మీద ఆ పని విండోస్ చేసిపెడుతోంది. ఫైలు రాసేటప్పుడు మీ ప్రోగ్రాం ఆ కూర్పును వదిలేసి సంకేతాలను ఒక్కొక్కటిగా పరుస్తోంది. ఈ కూర్పు కోసమే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాంలు తమలో కలుపుకుని వాడుకునే సిద్ధమైన కోడ్ ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడుతున్నాయి. ఉచితం, మూలకోడ్ అందరికీ తెరిచే ఉంది, వ్యాపార సంస్థలు వాడుకోవడానికి అడ్డు లేదు. మీ ఇంజినీర్లకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. వారి దాకా నా మాట చేరనివ్వని వ్యవస్థను మీరు కట్టుకున్నారు.

పై అధికారికి నేను అదే రోజు జవాబు రాశాను. కొంతకాలానికి, వినియోగదారు నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేస్తున్నామని సందేశం వచ్చింది. నా జవాబు ఆ సందేశం కిందనే కనిపిస్తోంది. స్పందించనిది మీరు, ఆ తప్పును రికార్డులో నా పేరున రాశారు. వెంటనే మరో ఉత్తరం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. ఒక్క నక్షత్రం ఇచ్చి కారణం రాశాను. దానికీ జవాబు లేదు. అదే సమయంలో లైసెన్స్ గడువు దగ్గరపడుతోందని మీ విక్రయ విభాగం నుంచి ఫోను వచ్చింది. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. నా గోడు విని నిజంగానే బాధపడింది, కానీ ఆ విభాగంతో తనకు సంబంధం లేదంది. ఆమెను నేను తప్పుపట్టను. డబ్బు అడిగే విభాగం ఒక్కటే ఫోను చేయగలిగే సంస్థను నడుపుతున్నది మీరు.

నేను ఎంటెక్ చదివే రోజుల నుంచి మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నా పరిశోధన గ్రంథంలోని పటాలన్నీ దానితో గీసినవే. ఖర్చు ఎక్కువని మా యాజమాన్యం వెనకాడినప్పుడు, పిల్లలకు ఇది రావాలని పట్టుబట్టి కొనిపించింది నేను. నా దగ్గర నేర్చుకున్నవారు ఉద్యోగాల్లో చేరాక అక్కడా మీ సాఫ్ట్‌వేరే అడిగారు. ఇన్నేళ్ల నమ్మకానికి ఒక చదివిన జవాబు కూడా దక్కకూడదా?

ఈసారి పటాలు ఎలా తయారయ్యాయో కూడా తెలుసుకోండి. మాటలన్నీ తీసేసి వట్టి గీతలను మాత్రం మీ సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్నాం. నీలిరంగు పట్టీని వదిలేయాల్సి వచ్చింది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో మా విద్యార్థులు రాత్రిళ్లు కూర్చుని ప్రతి ఊరి పేరూ, ప్రతి లోతూ చేత్తో అతికించారు. ఒత్తులన్నీ వాటి చోటనే కుదిరాయి. అనిశ్చితి పట్టీ లేకపోవడంతో, పటంలో ఏ భాగం ఎంత నమ్మదగినదో రైతుకు చూపలేకపోయాం. అది నాకు చాలా బాధ కలిగించిన విషయం. బోరు వేసే మనిషికి అన్నింటికంటే ముందు తెలియాల్సింది అదే.

నాకు కావలసింది ఇది. మూసిన టికెట్‌ను తెరవండి. స్పందన లేదన్న అబద్ధపు వ్యాఖ్యను తొలగించండి. నేను పంపిన కోడ్‌ను విషయం తెలిసిన ఇంజినీరు ఒకరు నడిపి, ఈ లోపాన్ని సరిచేస్తారో లేదో, చేస్తే ఏ వెర్షన్‌లో చేస్తారో తన పేరుతో రాయాలి. చేయలేమంటే ఆ మాటే స్పష్టంగా రాయండి, మాకు జరిగిన నష్టానికి లైసెన్స్ రుసుములో న్యాయమైన భాగం తిరిగి ఇవ్వండి.

లైసెన్స్ గడువు ముగిసేలోగా ఆ జవాబు రాకపోతే పునరుద్ధరణ కాగితం మీద నేను సంతకం పెట్టను. తెర మీది పటాన్నీ, మీ ఫైలులోని పటాన్నీ పక్కపక్కన పెట్టి మా కొనుగోలు కమిటీకి చూపిస్తాను. వచ్చే సంవత్సరం నుంచి ల్యాబ్ పాఠాలను పైథాన్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ భాషకు మార్చే ప్రతిపాదన ఇప్పటికే రాసి సిద్ధంగా ఉంచాను. అందులో బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌ను జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు మొదలుపెట్టి 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అక్కడ లోపం కనిపిస్తే కనీసం దాన్ని నలుగురి ముందూ పెట్టవచ్చు, చేతనైతే మనమే సరిచేయవచ్చు, మన టికెట్‌ను మన పేరు చెప్పి మూసేసే అధికారి ఉండడు. ఇతర కళాశాలల్లోని మిత్రులకు కూడా ఈ ఉత్తరం ప్రతిని పంపుతున్నాను. సేవా లోపం కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏం చేయవచ్చో న్యాయవాదిని అడుగుతున్నాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు కూడా ఫోను చేస్తాను.

టికెట్‌లోని సందేశాలన్నీ వరుసగా జతచేశాను. ఈసారి జవాబు రాసేవారు ముందు వాటిని చదవాలి.

ఇట్లు,
జలవనరుల అధ్యాపకుడు,
సివిల్ ఇంజినీరింగ్ విభాగం

జతపరచినవి: తెర మీది పటం, దాచిన పీడీఎఫ్, లోపాన్ని చూపే కోడ్, టికెట్ సందేశాలు.