కారు ఆర్డరుకు ముందు అన్ని ప్రశ్నలెందుకు?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. షోరూమ్‌లో లేని రంగులో, నీకు కావలసిన హంగులతో కారు తెప్పించుకుందామని వెళితే, ధర సంగతి ఎత్తకముందే అన్ని ప్రశ్నలు వేశారని నొచ్చుకున్నావు. నిరుడు నా కారు ఆర్డరు పెట్టినప్పుడు నా మనసూ అలాగే చివుక్కుమంది. ఆ తరువాత నాకు అర్థమైన సంగతులు నీకు వివరంగా చెప్పాలనిపించింది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే కారుకు చాలాచోట్ల డీలరే అప్పు తెచ్చి కంపెనీకి సొమ్ము కడతాడు. అది అమ్ముడుపోయేదాకా ఆ అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా గిరాకీ ఉన్న మోడళ్ళను కంపెనీ ఒక్కొక్క డీలరుకు ఇన్ని అని లెక్కగట్టి కేటాయిస్తుంది. అందులో ఒకటి నీ పేరున రాసి, నెలలు గడిచి బండి వచ్చాక నువ్వు వద్దంటే, నువ్వు ముచ్చటపడి ఎంచుకున్న ఆ ముదురు ఆకుపచ్చ రంగు ఇంకొకరికి నచ్చేదాకా అది డీలరు మెడకు గుదిబండే. నువ్వు నిజంగా వచ్చి బండి తీసుకువెళతావా లేదా అన్న ఒక్క సందేహం చుట్టూనే ఆ ప్రశ్నలన్నీ తిరుగుతాయి.

మా షోరూమ్ మేనేజరు ఆర్డరు ఫారం నా ముందుకు జరిపి, ఒక్కొక్క హంగు పక్కన విడివిడిగా పొడి అక్షరాలు వేయమన్నాడు. సీటు కవరు రంగు దగ్గర నా కలం ఆగింది. అతడు అది గమనించి, కాగితం మెల్లగా వెనక్కి తీసుకుని, "ఇంట్లో మాట్లాడుకుని రేపు రండి" అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది కానీ, ఇప్పుడు అతడు చేసిందే సరైన పని అనిపిస్తోంది.

అప్పు మీద కొంటున్నావు కనుక నీ క్రెడిట్ చరిత్ర చూస్తారు. పైపైన చూసే విచారణ నీ క్రెడిట్ స్కోరును, అంటే అప్పులు సరిగ్గా తీరుస్తావా అని చెప్పే అంకెను, తగ్గించదు. రుణానికి దరఖాస్తు పెట్టినప్పుడు జరిగే పూర్తి విచారణ మాత్రం కొద్దిగా తగ్గించవచ్చు. రుణం మంజూరుకు గడువు ఉంటుంది కనుక, బండి ఆలస్యమైతే మళ్ళీ చూడవలసి వస్తుంది. అందుచేత ఏ విచారణ చేస్తున్నారో సంతకానికి ముందే అడుగు.

బండిని వెంటనే తిరిగి అమ్ముతావా అని అడిగినందుకు నువ్వు మరీ బాధపడ్డావు. అరుదైన కార్లను లాభానికి అమ్ముకునేవారు, గుట్టుగా విదేశాలకు పంపేవారు ఉన్నారు. అలాంటి వారి వల్ల కంపెనీ డీలరుకు జరిమానా వేసిన సందర్భాలున్నాయి. 2016లో ఫోర్డ్ సంస్థ జీటీ అనే తన అరుదైన స్పోర్ట్స్ కారుకు ఏకంగా దరఖాస్తులు పిలిచి, వచ్చిన 6,500 పైచిలుకు దరఖాస్తుల్లోంచి 500 మందిని ఎంచుకుంది. రెండేళ్ళ దాకా అమ్మకూడదన్నది షరతు. కుస్తీ వీరుడు జాన్ సీనా ముందే అమ్మేశాడని 2017లో అతడి మీద దావా కూడా వేసింది. జపాన్‌లో 2021 నాటి టొయోటా ల్యాండ్ క్రూజర్ కొనేవారి చేత ఏడాది వరకు అమ్మబోమని హామీపత్రం రాయించుకున్నారు.

అడ్వాన్సు విషయంలో మాత్రం నేను డీలరు పక్షం వహించను. నిన్ను అంతగా పరిశీలించినవారు తమ మాటను కూడా కాగితం మీద పెట్టాలి. బండి ఆలస్యమైతే, రుణం రాకపోతే, ఈలోగా ధర పెరిగితే అడ్వాన్సు తిరిగి ఇస్తారో లేదో రసీదు మీదే రాయించుకో. డబ్బు కట్టే ముందు ఆ రసీదు నమూనా ఫొటో తీసి నాకు పంపు, చదివి చెబుతాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు