కరువుకు కారణం చెప్పే ముందు వాన లెక్కలు చూపండి

అయ్యా,

గత వారం మీ పత్రికలో కరువుపై వచ్చిన వార్త చదివాను. వర్షాభావానికి, పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కే ఎల్‌నినోయే కారణమని అధికారులు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ మండలంలో ఏ నెలలో ఎంత లోటు పడిందో, వానకూ వానకూ మధ్య ఎన్నాళ్లు ఎడం వచ్చిందో, ముప్ఫై ఏళ్ల సగటుతో పోలిస్తే తేడా ఎక్కడుందో చెప్పే అంకె ఒక్కటీ అందులో లేదు.

ఎల్‌నినో ప్రభావాన్ని ఎవరూ కాదనరు. కానీ గత శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చిన 1997లో మన దేశంలో నైరుతి రుతుపవనాల వర్షపాతం సాధారణంగానే నమోదైంది. అంతకంటే బలహీనమైన ఎల్‌నినో ఉన్న 2002లో 19 శాతం లోటు ఏర్పడింది, ఒక్క జులైలోనే కురవాల్సిన దాంట్లో సగం కూడా కురవలేదు. ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతం 1970లలో కరువుతో అల్లాడినప్పుడు, పశువులను అతిగా మేపి నేలను పాడుచేశారంటూ ముందుగా కాపరులనే తప్పుపట్టారు. వాన రికార్డులను సముద్ర ఉష్ణోగ్రతలతో సరిచూశాకే ప్రధాన కారణం సముద్రాల్లో ఉందని తేలింది. 1904లో మన వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్, కంప్యూటర్లు లేని ఆ రోజుల్లోనే దేశదేశాల వర్షపాతం, వాయుపీడనాల లెక్కలను పోల్చి చూసి ఎల్‌నినోతో ముడిపడిన దక్షిణ డోలనాన్ని, అంటే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద వాయుపీడనం ఒకవైపు పెరిగితే మరోవైపు తగ్గే తీరును, గుర్తించారు. అన్ని సాధనాలూ ఉన్న ఈనాటి అధికారులకు ఆ ఓపిక ఎందుకు లేదో అర్థం కాదు.

జిల్లా సగటు చూపి సరిపెట్టడం మరీ అన్యాయం. రెండు రోజులు కుండపోతగా కురిసి, ఆపైన నెల రోజులు చినుకు రాలకపోయినా సగటు ‘సాధారణం’ అనే చెబుతుంది. మొలక దశలో ఎండిన పైరు ఆ లెక్కలో కనిపించదు. ఆ సగటుకు ఆధారమైన వర్షమాపకాల సంగతీ చూడాలి. చెట్టుకొమ్మల కిందో, ప్రహరీ గోడను ఆనుకునో పెట్టిన వర్షమాపకంలో పడే నీరు అసలు వానకంటే తక్కువే ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నరకు తీయాల్సిన రీడింగ్ సెలవు రోజున తీయకపోతే ఆ వాన మర్నాటి ఖాతాలో చేరుతుంది. ఖాళీగా వదిలిన గడిని తరువాత ఎవరో సున్నాగా ఎక్కిస్తే, కురిసిన రోజు కూడా ఎండరోజు అవుతుంది. ఇలాంటి రికార్డుతో కరువు మండలాలను ప్రకటించినా, నిరాకరించినా నష్టపోయేది రైతే.

కాబట్టి ప్రతి వర్షమాపక కేంద్రపు రోజువారీ రికార్డును, రీడింగ్ తీయని రోజులను ఖాళీలుగానే చూపుతూ, కేంద్రాన్ని తరలించి ఉంటే ఆ తేదీతో సహా, వెంటనే ప్రజల ముందుంచాలి. అధికారులు చెప్పే కారణం నిజమో కాదో ఆ తరువాత ఎవరైనా పరిశీలించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు