యూబా వాగు దగ్గర కలిసిన అంకుల్‌కి కృతజ్ఞతలు

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో, యూబా నదిలో కలిసే వాగు మీద, సరదాగా బంగారం గాలించే మా క్లబ్బుకి క్లెయిమ్ (అక్కడ బంగారం వెతుక్కునే హక్కు) ఉంది. పోయిన శనివారం అక్కడ "ఏం బాబూ, నడి వాగులో ఏం దొరుకుద్ది?" అని తెలుగులో పలకరించిన అంకుల్, ఇది మీకోసమే. పేరు అడిగేలోపే ట్రక్కెక్కి వెళ్లిపోయారు.

వాగు వంపులో లోపలివైపు, బండల వెనక, అడుగు రాతి పగుళ్లలో తవ్వమన్నారు. నీటికంటే 19 రెట్లు బరువైన బంగారం, ప్రవాహం నెమ్మదించిన చోటే కదా ఆగేది! బియ్యంలో రాళ్లు గాలించినట్టు పళ్లెం తిప్పడం నేర్పారు (మా అమ్మయితే ఒక్క చూపులో పట్టేసేది). నల్ల ఇసుక అంచున రేణువులు కనిపించాయి.

అందులో ఒకటి వెండిలా తెల్లగా ఉంది. అది పాదరసం పూత అన్నారు. 1848 తర్వాత గోల్డ్ రష్‌లో (బంగారం కోసం జనం ఇక్కడికి ఎగబడ్డ కాలంలో) బంగారం పట్టడానికి వాడిన పాదరసం ఈ వాగుల్లో ఇంకా ఉంది. "ఇంట్లో పొయ్యి మీద కాల్చకు, ఆ ఆవిరి విషం" అని గట్టిగా చెప్పారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు అంకుల్, ఈ ఒక్క మాటకే మీకు రుణపడి ఉంటాను.

నా గొయ్యి కూడా మీరే పూడ్చారు. మీ జల్లెడ నా దగ్గరే ఉండిపోయింది. వచ్చే నెల క్లబ్బు రోజున తెస్తాను, ఫిల్టర్ కాఫీ ఫ్లాస్కుతో సహా.