ఫినో షెర్రీని షోకేస్‌లో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ వైన్ల మీద వచ్చిన వ్యాసంలో షెర్రీకి రెండే వాక్యాలు దక్కాయి. తియ్యగా ఉంటుందని ఒకటి, ఏళ్ల తరబడి దాచుకోవచ్చని ఇంకొకటి. ఫినో అనే, తీపి లేని లేతరంగు షెర్రీ విషయంలో రెండూ తప్పే. లండన్‌లో హోటల్ బార్‌లో చాలాకాలం పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మా చిత్తూరులో ఏ వీధి చూసినా ఒకరిద్దరి పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. వాళ్లు తెచ్చిన సీసా నేరుగా హాల్లో షోకేస్ ఎక్కుతుంది. విస్కీ అయితే ఎన్నేళ్లున్నా ఏమీ కాదు. ఫినోను అలా పెడితే మన ఎండలకు ఒక్క వేసవిలోనే రంగు ముదిరి, వాసన చచ్చిపోతుంది.

ఎందుకంటే అది తయారయ్యే పద్ధతే వేరు. దక్షిణ స్పెయిన్‌లో హెరెస్ చుట్టుపక్కల పాలొమినో ద్రాక్షతో చేస్తారు. ఆల్కహాల్‌ను 15 శాతానికి పెంచి, పీపాలో పైన కాస్త ఖాళీ వదిలి పోస్తారు. ఆ ఖాళీలో వైన్ మీద ఈస్ట్, పాల మీద మీగడలా తెట్టు కడుతుంది. దాన్నే ఫ్లోర్ అంటారు. అది గాలి తగలనివ్వదు, అందుకే వైన్ లేత గడ్డి రంగులోనే ఉండిపోతుంది. చక్కెర దాదాపు ఉండదు. సీసాలోకి దించాక ఆ కాపలా పోతుంది, ఇక రోజురోజుకీ తాజాదనం తగ్గడమే.

సాన్‌లూకార్ అనే సముద్రతీర పట్టణంలో ఇదే పద్ధతిలో పెంచినదాన్ని మంజానిల్లా అంటారు. నాకు అదే ఎక్కువ ఇష్టం, కాస్త ఉప్పుగాలి తగిలినట్టుంటుంది. కొనేటప్పుడు లేబుల్ మీద ఫినో, మంజానిల్లా పేర్లలో ఒకటి ఉందో లేదో చూడండి. ‘పేల్ క్రీమ్’ అని ఉంటే తీసుకోకండి. రంగు అచ్చం ఫినోలాగే ఉంటుంది గానీ తీపి కలిపినది.

ధరకు భయపడాల్సిన పని లేదు. కనీసం రెండేళ్లు పీపాలో పెరిగిన వైన్ ఇంత చవగ్గా దొరకడం అరుదు. లండన్ సూపర్ మార్కెట్లు సొంత పేరుతో అమ్మే ఫినో కూడా నమ్మకంగా కొనొచ్చు. అందులో చాలావరకు హెరెస్‌లోని పేరున్న సంస్థలు చేసిచ్చేదే. చిన్న సీసా దొరికితే మరీ మేలు. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు మాత్రం కారు డిక్కీలో పడేయకండి, మే నెలలో అది పొయ్యితో సమానం.

ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, మామూలు వైన్ గ్లాసులో సగానికి తక్కువ పోసుకోండి. సోడా వద్దు. అక్కడ ఆలివ్‌లు, బాదం పప్పులు నంజుకుంటారు. మనకు ఉప్పు వేసి వేయించిన శెనక్కాయలున్నాయి కదా, నిక్షేపంగా కుదురుతాయి. కారం తక్కువేసిన వంజరం వేపుడైతే ఇంకేం కావాలి! నాటుకోడి పులుసుతో మాత్రం తాగకండి, ఆ కారానికి వైన్ రుచే తెలియదు. మిగిలింది మూత బిగించి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు ముగించాలి.

వేసవి సెలవులకు పిల్లలు బయలుదేరేలోపే దయచేసి ఈ సవరణ వేయండి.

ఇట్లు,
విశ్రాంత హోటల్ ఉద్యోగి,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు