బాపు పుస్తకం అచ్చయింది, అందరికీ కృతజ్ఞతలు

మా బాపు (నాన్న) జ్ఞాపకాల పుస్తకాన్ని పోయిన ఆదివారం హన్మకొండలో ఆవిష్కరించాం. వచ్చినవాళ్లకు, రాలేక ఫోన్ చేసినవాళ్లకు, ముందే డబ్బులు కట్టి కాపీలు తీసుకున్నవాళ్లకు పేరుపేరునా దండాలు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బాపు మన జిల్లా ఎమ్మెల్యే ఒకాయన దగ్గర పీఏ. 1983లో ఆ సారు తెలుగుదేశం టికెట్ మీద గెలిచినప్పటి నుంచి ఆయన పోయేదాకా వెంటే ఉన్నాడు. సారు కండువా మార్చినప్పుడల్లా బాపూ మార్చాడు. సిఫారసు లేఖలు, ట్రాన్స్‌ఫర్లు, చావు పరామర్శలు అన్నీ బాపు చేతుల మీదుగానే నడిచేవి. ఈ పుస్తకం రాసింది కూడా సారు పాత లెటర్‌ప్యాడ్ల వెనకవైపే.

అసలు థాంక్స్ చెప్పాల్సింది పోచమ్మమైదాన్ కాకకు. పేరు పెట్టొద్దన్నాడు. ఆయన మొదటి నుంచీ కాంగ్రెస్. ఎన్నికలొస్తే బాపుకూ ఆయనకూ మాటలుండేవి కావు. రాతప్రతి మాత్రం బాపు ముందు ఆయనకే ఇచ్చాడు. ఎందుకంటే, "మనోళ్లకిస్తే బాగుందనే అంటరు" అన్నాడు.

1984 ఆగస్టు గురించి బాపు పేజీలకు పేజీలు రాశాడు. 16న ఎన్టీఆర్‌ను దించెయ్యడం, ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకలో క్యాంపు, సెప్టెంబర్ 16న మళ్లీ ప్రమాణస్వీకారం. సారు ఎవరికీ లొంగలేదని ఇప్పటికీ గర్వమే. 1995 ఆగస్టులో చంద్రబాబు వర్గం ఎన్టీఆర్ మీద తిరగబడి ఎమ్మెల్యేలను హైదరాబాద్‌లోని వైస్రాయ్ హోటల్‌లో పెట్టింది. దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే ముక్కలు: "సారు వైస్రాయ్ హోటల్‌కు వెళ్లారు. నేను వెంట ఉన్నాను." కాక వాటి కింద ఎర్రపెన్నుతో గీత కొట్టి "లోపల ఏమైంది?" అని రాసి పంపాడు.

బాపు కొన్నాళ్లు ఆయన ఫోన్ ఎత్తలేదు. చివరికి కాకే వచ్చి వరండాలో కూచున్నాడు. ఇద్దరూ గట్టిగానే అనుకున్నారు. బీపీ గోలీలు వేసుకుని అరుచుకోండని అమ్మ లోపలి నుంచి కేకేసింది.

ఆ అధ్యాయం అట్లా వచ్చింది. కింద ఎన్టీఆర్ మైకులో పిలుస్తుంటే, పైన కిటికీ పరదా లాగమన్నది సారు, లాగింది బాపు. ఎనిమిది నెలల కిందే ఆ ఎన్టీఆర్ బొమ్మ పెట్టుకుని ఓట్లడిగిన మనుషులు వీళ్లు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారన్న కబురొచ్చినప్పుడు సారు ఇంట్లో ఎవరు ఏం మాట్లాడారో కూడా ఉంది. సారును మాత్రం ఒక్క మాట అనలేదు. కొందరికి అది నచ్చలేదు. నాకైతే బాపు బాపులాగే రాసినట్టనిపించింది.

మిగతావాళ్లు: పాత పేపర్ల కట్టలు దింపి, దుమ్ము దులిపి ఇచ్చిన లైబ్రరీ సిబ్బంది. "1983లో మండలాలెక్కడివయ్యా, 1985లో కదా వచ్చింది, అప్పుడు తాలూకాలు" అని ఫోన్‌లోనే పట్టుకున్న రిటైర్డ్ తహసీల్దార్ సార్. సగం ఉర్దూ మాటలున్న బాపు గొలుసుకట్టు రాతను చదివి టైప్ చేసిన డీటీపీ చెల్లె. పాత అను ఫాంట్ల నుంచి ఇప్పుడు వాడే యూనికోడ్‌కు మార్చేసరికి ఒత్తులన్నీ చెల్లాచెదురైతే, విసుక్కోకుండా పేజీ తర్వాత పేజీ మళ్లీ దిద్దింది. ప్రెస్సోళ్లు బాకీకి ఆగారు, అదీ పెద్ద సాయమే.

1984 డిసెంబర్‌లో హన్మకొండలో కాంగ్రెస్ పీవీ నరసింహారావును బీజేపీ జంగారెడ్డి ఓడించిన ఎన్నిక గురించి రాసిన చోట బాపు మరీ మురిసిపోయాడని కాక ఇంకా కోపంగానే ఉన్నాడు. రెండో ముద్రణలో మార్చాలట. బాపు ససేమిరా అంటున్నాడు.