ఎదురు తిరిగిన ఫలితం

అమ్ములూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. కణాల్లో ఆ ప్రొటీన్‌ను ఎక్కువ చేస్తే అవి జోరుగా పెరుగుతాయన్నది మీ గైడ్ అంచనా. నీ ప్లేట్లలో పెరుగుదల తగ్గుతోంది, అదీ చేసిన ప్రతిసారీ. "నా చేతిలోనే ఏదో లోపం ఉందేమో, ఈ డేటా పక్కన పెట్టేసి వేరే పని మొదలుపెడతాను" అని రాశావు. పక్కన పెట్టొద్దు తల్లీ. ఈ రంగంలో ఇన్నేళ్లు పనిచేసిన నేను నీకు గట్టిగా చెప్పగలిగిన మాట ఇదే.

పీ53 అనే ప్రొటీన్ నీకు కొత్త కాదు. పుస్తకాల్లో దాన్ని "ట్యూమర్ సప్రెసర్", అంటే కణితిని అడ్డుకునేది, అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ అది బయటపడిన 1979లో ఎవరూ అలా అనుకోలేదు. ఎస్‌వీ40 వైరస్ క్యాన్సర్ కణాలుగా మార్చిన కణాల్లో, వైరస్ ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని అది కనిపించింది. క్యాన్సర్ కణాల్లో చూస్తే బోలెడంత, మామూలు కణాల్లో వెతికితే దాదాపు లేనట్టే. క్యాన్సర్‌ను నడిపించేది ఇదే అని ఎవరికైనా అనిపిస్తుంది. 1984లో దాని జన్యువును రాస్ అనే క్యాన్సర్ జన్యువుతో కలిపి ఎలుక పిండం కణాల్లో పెడితే, అవి నిజంగానే క్యాన్సర్ కణాల్లా మారాయి. ఒకటికి మించి ల్యాబుల్లో అదే ఫలితం వచ్చింది.

అలాంటప్పుడు ఆర్నాల్డ్ లెవీన్ ల్యాబ్‌లో ఉన్న ఒక క్లోన్, అంటే ఆ జన్యువు కాపీ, మాత్రం ఆ పని సరిగా చేయలేదు. అందరికీ వచ్చింది వీళ్లకు రాలేదు, అచ్చం నీ పరిస్థితే. దాన్ని వాళ్లు వదిలేయకుండా క్లోన్ల సీక్వెన్సులు, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరుసలు, పక్కపక్కన పెట్టి చూశారు. కణాలను క్యాన్సర్ వైపు మళ్లించిన క్లోన్లలో మ్యుటేషన్ ఉంది. ఏమీ చేయలేదనుకున్నదే అసలు సిసలు పీ53! దాన్ని క్యాన్సర్ జన్యువులతో కలిపి పెడితే కణాలు మారకుండా అడ్డుకుంటుందని 1989లో తేల్చారు. అదే ఏడాది బర్ట్ వోగెల్‌స్టీన్ ల్యాబ్‌లో సుజాన్ బేకర్ అనే పరిశోధక విద్యార్థిని, పెద్దపేగు కణితుల్లో 17వ క్రోమోజోమ్ ముక్క ఒకటి పోయినచోట మిగిలిన పీ53 కాపీని చదివింది. అందులోనూ మ్యుటేషనే. ఆమె కూడా అప్పుడు నీలాగే పీహెచ్‌డీ చేస్తోంది.

పదేళ్లు అలా ఎందుకు గడిచాయో ఆలోచించు. ఎవరూ అశ్రద్ధ చేయలేదు. క్లోన్లు తీసుకున్నదే మారిపోయిన కణాల నుంచి. మామూలు పీ53ను కణం ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది కాబట్టి అది కంటికి ఆనదు. చెడిపోయినది పేరుకుపోతుంది. పైగా పీ53 నాలుగేసి కలిసి పనిచేసే ప్రొటీన్, చెడ్డది వచ్చి చేరితే మంచివాటిని కూడా పనిచేయనివ్వదు. అందుకే చెడిపోయిన బ్రేకు యాక్సిలరేటర్‌లా కనిపించింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చేది ఇదే. తప్పుదారి పట్టించిన ప్రతి గమనికా నిజమైనదే.

కాబట్టి ముందు నీ దగ్గరున్న పదార్థాన్ని అనుమానించు. జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ రింగు, ఆ ప్లాస్మిడ్‌ను మొత్తం సీక్వెన్స్ చేయించు, ఒక చివర మాత్రమే చదివి సరిపెట్టుకోకు. కణాలు నువ్వనుకున్నవేనా అని తేల్చే ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ పరీక్ష చేయించు. ఇది చాదస్తం కాదు. వేర్వేరు అవయవాల నుంచి వచ్చాయనుకున్న ఎన్నో సెల్ లైన్లు (ల్యాబులో పెంచే కణాల వంశాలు) నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలేనని 1966లోనే స్టాన్లీ గార్ట్‌లర్ బయటపెట్టాడు. కణాల్లో చడీచప్పుడు లేకుండా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష సరేసరి. ఖాళీ వెక్టర్ కంట్రోల్, అంటే నీ జన్యువు లేని ప్లాస్మిడ్ పెట్టిన కణాలు, ప్రతి ప్లేట్ సెట్‌లోనూ ఉండాలి. ఇంకోటి, ప్రొటీన్‌ను మోతాదుకు మించి పెంచితే ఏ కణమైనా నీరసించవచ్చు. అందుకే ఉన్న జన్యువును తీసేసి కూడా చూడు. తీసేస్తే పెరుగుదల ఎక్కువైతే, నీ ఫలితానికి అసలైన బలం అప్పుడొస్తుంది.

ఇవన్నీ అయ్యాక గైడ్ దగ్గరికి వెళ్లు. ఎంచిన ఫోటోలు కాకుండా అన్ని బ్లాట్లూ (ప్రొటీన్ ఎంతుందో చూపే చిత్రాలు), నోట్‌బుక్కూ పట్టుకెళ్లు. ఆయనకు మొదట నచ్చకపోవచ్చు. గ్రాంటు ఆ అంచనా మీదే వచ్చి ఉంటే టెన్షన్ పడతారు కూడా. నువ్వు ఎదురు వాదించకు, అలాగని వెనక్కీ తగ్గకు. "ఇది తప్పని తేలాలంటే ఏ ప్రయోగం చేయాలి సార్?" అని అడుగు. మంచి గైడ్ అయితే అక్కడి నుంచి ఆయనకే ఆసక్తి పుడుతుంది.

నాకు వచ్చింది నిజమే అయినా రోగులకు ఒరిగేదేమిటి అని చివర్లో అడిగావు. నీ వయసులో నేనూ అదే అడిగాను. చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వచ్చే కుటుంబాల గురించి లీ, ఫ్రామెని అనే వైద్యులు 1969లో రాశారు. కారణం తెలియలేదు. పీ53 అడ్డుకునే జన్యువని తేలిన మరుసటి ఏడాదే, 1990లో, ఆ కుటుంబాల్లో పుట్టుకతోనే దానిలో మ్యుటేషన్ ఉందని కనుక్కున్నారు. ఇప్పుడు అలాంటి ఇంట్లోవాళ్లు పరీక్ష చేయించుకుని, ఎవరికి ముప్పుందో ముందే తెలుసుకుని, క్రమం తప్పకుండా స్కాన్లు చేయించుకోగలుగుతున్నారు. పీ53 క్యాన్సర్‌ను పెంచుతుందనే నమ్ముతూ కూర్చుంటే ఆ కుటుంబాల్లో దానికోసం వెతకాలని ఎవరికి తడుతుంది?

సీక్వెన్స్ రాగానే ఫైల్ నాకూ పంపు. ఇద్దరం విడివిడిగా చదివి సరిపోల్చుకుందాం. వేళకు తిను, ఇన్‌క్యుబేటర్ ముందు అర్ధరాత్రి దాకా నిలబడకు.

ప్రేమతో,
అమ్మ