పొగగొట్టానికి కార్బన్ లెక్క ఏదీ?

థర్మల్ కేంద్రాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు మన దేశంలో నేరుగా పరిమితి లేదు. 2015 డిసెంబరు నిబంధనలు ధూళి, సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం, నీటి వాడకం దగ్గరే ఆగాయి. 2023 నాటి కార్బన్ క్రెడిట్ పథకం తొలి విడతలో సిమెంటు, అల్యూమినియం వంటి రంగాలకు లక్ష్యాలు పెట్టి, అన్నిటికన్నా పెద్ద పొగగొట్టాలను వదిలేసింది. (ఇంధన పొదుపు లక్ష్యాలున్నాయి కదా అంటారు, అవి హీట్ రేటుకు, అంటే ఒక్కో యూనిట్ కరెంటుకు పట్టే వేడికి, కార్బన్‌కు కాదు.) మణుగూరులోని భద్రాద్రి కేంద్రంలో 270 మెగావాట్ల నాలుగు జనరేటర్లూ సబ్‌క్రిటికల్‌వే, అంటే తక్కువ ఆవిరి పీడనంతో నడిచే, సామర్థ్యం తక్కువ రకం. ఈ రకం ఒక్కో యూనిట్ (కిలోవాట్ అవర్) కరెంటుకు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పగలు సోలార్ వచ్చినప్పుడు లోడు (ఉత్పత్తి) సామర్థ్యంలో 55 శాతానికి దించితే హీట్ రేటు చెడి, అది ఇంకా పెరుగుతుంది. అందుకే లోడును బట్టి సవరణతో, గ్రిడ్‌కు ఇచ్చిన నికర యూనిట్‌పైనే పరిమితి పెట్టాలి. మొత్తం ఉత్పత్తిపై లెక్కిస్తే బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, పంపులు మింగే కరెంటు కనబడదు. కాల్చిన బొగ్గులో కార్బన్ శాతాన్ని ల్యాబులో తేల్చి, దాన్ని బొగ్గు బరువుతోనూ 3.67తోనూ గుణించి (కిలో కార్బన్ పూర్తిగా కాలితే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది), కేంద్రాలవారీగా నెలనెలా ప్రకటించాలి.